బీమా సంస్థల్లో ఎలక్ట్రానిక్ కొనుగోళ్లు

బీమా సంస్థ తనకు కావలసిన వస్తువులను, సేవలను, పనులను సేకరించే వ్యవహారాన్ని ఇండెంటు మొదలుకొని బిల్లు చెల్లింపు దాకా కంప్యూటర్ వ్యవస్థ మీద నడపడమే ఎలక్ట్రానిక్ కొనుగోలు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ అన్న పేరే తెలుగులోనూ ఎక్కువగా వాడుకలో ఉంది. భారతదేశంలో ప్రభుత్వ రంగ బీమా సంస్థలు దీన్ని ముఖ్యంగా నిబంధనల మేరకు, ప్రైవేటు సంస్థలు ముఖ్యంగా ఖర్చుల అదుపు కోసం అనుసరిస్తున్నాయి. కొనుగోలుకు పట్టే సమయం, పారదర్శకత, రికార్డుల భద్రత విషయాల్లో ఈ పద్ధతి మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ధర, నాణ్యతల సంగతి వేరు. కొనేది ఏ రకం సరుకు, పోటీకి ఎందరు వచ్చారు, స్పెసిఫికేషన్ ఎలా రాశారు అన్నవాటిని బట్టి అక్కడ ఫలితం మారుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా భారతీయ బీమా రంగాన్ని వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

ఈ-టెండర్, ఈ-ప్రొక్యూర్‌మెంట్ అన్న మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు గాని రెండూ ఒకటి కావు. ప్రకటన, బిడ్ల దాఖలు, వాటిని తెరవడం, పోల్చడం వరకు ఆన్‌లైన్‌లో జరిగితే అది ఈ-టెండర్. దానికి ముందు ఉండే అవసరాల అంచనా, బడ్జెట్ ఆమోదం, తర్వాత వచ్చే కొనుగోలు ఆర్డర్, సరుకు అందినట్టు ధ్రువీకరణ, బిల్లు సరిచూడడం, చెల్లింపు, సరఫరాదారు పనితీరు నమోదు కూడా ఒకే గొలుసులో కలిస్తేనే పూర్తి ఎలక్ట్రానిక్ కొనుగోలు అవుతుంది. చాలా సంస్థల్లో ఈ-టెండర్ మాత్రమే అమలులో ఉండి, ముందూ వెనుకా ఫైళ్లు నడుస్తుంటాయి. ఈ తేడాను పట్టించుకోకుండా వేసిన లెక్కలు పోల్చడానికి పనికిరావు.

పాలసీలను ఆన్‌లైన్‌లో అమ్మడం దీని పరిధిలోకి రాదు. బీమా సుగమ్ పాలసీల విక్రయ, సేవల వేదికగా ఉద్దేశించినది, కొనుగోళ్ల వేదిక కాదు.

కొనుగోలు పనితీరు అంటే సరైన నాణ్యత గలదాన్ని, సరైన పరిమాణంలో, కావలసిన సమయానికి, కావలసిన చోటికి, తగిన ధరకు తెచ్చుకోగల సామర్థ్యం. ప్రభుత్వ రంగంలో దీనికి నిబంధనల పాటింపు, అందరికీ సమాన అవకాశం అన్న రెండు కొలతలు అదనంగా చేరతాయి. 1975లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జీవిత బీమా సంస్థను (ఎల్‌ఐసీని) రాజ్యాంగం 12వ అధికరణం కింద ‘రాజ్యం’గా పరిగణించింది. అందుకే ఎల్‌ఐసీ టెండరులో అన్యాయం జరిగిందనుకున్న సరఫరాదారు రిట్ పిటిషన్‌తో హైకోర్టుకు వెళ్లగలడు. ప్రైవేటు బీమా సంస్థ విషయంలో సాధారణంగా ఆ దారి ఉండదు.

బీమా సంస్థ ఏం కొంటుంది

కర్మాగారానికి ఉన్నట్టు బీమా సంస్థకు ముడిసరుకు లేదు. అయినా కొనుగోళ్లు తక్కువేమీ కావు. వాటిని రెండు రాశులుగా చూడాలి.

మొదటిది కార్యాలయ నిర్వహణ వైపు. కంప్యూటర్లు, సర్వర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, డేటా సెంటర్ సేవలు, పాలసీ పత్రాలు, ప్రతిపాదన ఫారాల ముద్రణ, తపాలా, కొరియర్, కాల్ సెంటర్, ప్రకటనలు, భవనాల అద్దె, ఫర్నిచర్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ సిబ్బంది వంటివి ఇందులోకి వస్తాయి. 

రెండోది క్లెయిముల వైపు. మోటారు బీమాలో గ్యారేజీల మరమ్మతు, విడిభాగాలు. ఆరోగ్య బీమాలో ఆసుపత్రుల ప్యాకేజీలు, థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్ల సేవలు. నష్టం అంచనా వేసే సర్వేయర్ల ఫీజులు, న్యాయవాదుల ఫీజులు ఈ కోవలోవి. ఖాతా పుస్తకాల్లో ఈ ఖర్చులో అధిక భాగాన్ని కొనుగోలుగా రాయరు, క్లెయిము వ్యయంగా రాస్తారు. కాని సంస్థ ధర మాట్లాడుకుని సేవను సమకూర్చుకుంటున్నప్పుడు అదీ కొనుగోలే. సాధారణ, ఆరోగ్య బీమాలో డబ్బు ఎక్కువగా వెళ్లేది ఇటే. ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రభావాన్ని ప్రింటర్లు, కుర్చీల దగ్గరే కొలిచి ఆగితే అసలు ఖర్చు చూపుకే అందదు.

రెండు రాశులకూ డబ్బు వచ్చేది పాలసీదారు కట్టిన ప్రీమియం నుంచే. బీమా నియంత్రణ సంస్థ ఈ కంపెనీల నిర్వహణ ఖర్చులకు హద్దు పెట్టడానికి కారణం అదే (చూడండి: చట్టాలు, నియంత్రణలు).

చరిత్ర

వ్యాపార పత్రాలను కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పంపుకునే ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్ ఈ విధానానికి తొలి రూపం. 1987లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో దానికి ఎడిఫాక్ట్ అన్న అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఇంటర్నెట్ విస్తరించాక 1995లో ఫ్రీమార్కెట్స్, 1996లో అరిబా అమెరికాలో మొదలయ్యాయి. మొదటిది ధర తగ్గించుకుంటూ పోయే రివర్స్ వేలానికి, రెండోది సంస్థ లోపలి కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్‌కు పేరు తెచ్చుకున్నాయి. 2004లో అరిబా ఫ్రీమార్కెట్స్‌ను కలుపుకుంది. 2012లో అరిబాను జర్మనీకి చెందిన శాప్ కొనుక్కుంది.

భారతదేశంలో 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఆ పునాది లేకపోతే ఆన్‌లైన్ బిడ్‌కు విలువే ఉండేది కాదు.

ప్రభుత్వ కొనుగోళ్లలో ముందడుగు వేసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమైనది. 2003లో ప్రైవేటు భాగస్వామ్యంతో ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ప్రారంభమైంది. అంతకుముందు టెండరు వేయాలంటే షెడ్యూలు కొనుక్కుని, నింపి, ఆఫీసులోని పెట్టెలో స్వయంగా వేయాలి. స్థానిక కాంట్రాక్టర్లు రింగైపోయి, పెట్టె దగ్గర కాపు కాసి, బయటివాళ్లను షెడ్యూలు వేయనిచ్చేవారు కాదు. షెడ్యూలు కొనడానికి ఎవరు వచ్చారో చూస్తే పోటీదారులెవరో ముందే తెలిసిపోయేది. బిడ్ ఆన్‌లైన్‌కు మారడంతో ఆ కాపలాకు అర్థం లేకుండా పోయింది. ఈ-ప్రొక్యూర్‌మెంట్ గుణాల్లో అందరూ ఒప్పుకునేది ఇదే. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు పోర్టళ్లు ఉన్నాయి.

కేంద్ర స్థాయిలో టెండర్లను వెబ్‌సైట్లలో ఉంచాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2003లోనే సూచించింది. తర్వాత కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ఏర్పడింది. 2016 ఆగస్టు 9న గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, వాడుకలో జెమ్, ప్రారంభమైంది. 2017 అక్టోబరు 31తో, అంతవరకు ఆ పని చూసిన పాత సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ జనరల్ మూతపడింది.

బీమా రంగం ఈ మార్పులోకి తనదైన సంస్థాగత రూపంతో వచ్చింది. 1956 సెప్టెంబరు 1న 245 బీమా సంస్థలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిసి ఎల్‌ఐసీ ఏర్పడింది. 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమై 107 సంస్థలు నాలుగుగా విలీనమయ్యాయి: కోల్‌కతాలో నేషనల్, ముంబైలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, చెన్నైలో యునైటెడ్ ఇండియా. 1960ల మధ్యలో కలకత్తాలోని ఇలాకో హౌస్‌లో ఎల్‌ఐసీ కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు తీవ్రంగా అడ్డుకున్నారు. అలాంటి రంగమే తర్వాత దేశంలో కంప్యూటర్లకు పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటైంది. 1999 చట్టంతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడి, 2000 నుంచి ప్రైవేటు సంస్థలు వచ్చాయి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం 2001లో హైదరాబాద్‌కు తరలింది.

చట్టాలు, నియంత్రణలు

ప్రభుత్వ కొనుగోళ్లకు మూలం 2017 సాధారణ ఆర్థిక నియమాలు. 149వ నియమం జెమ్‌ను, 159వ నియమం టెండర్ల ఆన్‌లైన్ ప్రచురణను, 160వ నియమం ఆన్‌లైన్ బిడ్లను తప్పనిసరి చేశాయి. ఇవి నేరుగా వర్తించేది మంత్రిత్వ శాఖలకు. ప్రభుత్వ రంగ బీమా సంస్థలు సొంత కొనుగోలు మాన్యువళ్లు రాసుకుని, వాటిలో ఈ సూత్రాలనూ విజిలెన్స్ కమిషన్ సూచనలనూ చేర్చుకున్నాయి. కమిషన్ సూచనల్లో ముఖ్యమైనది 2007 నాటిది: టెండర్లు తెరిచాక బేరం ఆడవలసి వస్తే అతి తక్కువ ధర చెప్పినవారితో, అంటే ఎల్-1తో మాత్రమే ఆడాలి, అదీ అసాధారణ పరిస్థితుల్లో. పెద్ద కాంట్రాక్టుల్లో లంచం ఇవ్వం, తీసుకోం అని ఇరుపక్షాలూ సంతకం చేసే ఇంటెగ్రిటీ ప్యాక్ట్ కూడా ఉంటుంది.

సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి ఏటా కొంత శాతం కొనాలన్న విధానం 2012 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మొదట 20 శాతంగా ఉన్న ఈ లక్ష్యాన్ని 2018లో 25 శాతానికి పెంచారు. ఆ సంస్థలకు ధరావతు మినహాయింపు ఉంటుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం వాటి బిల్లులు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది.

ప్రైవేటు సంస్థలకు సాధారణ ఆర్థిక నియమాలు వర్తించవు. అవి బేరాలాడవచ్చు, నచ్చిన సరఫరాదారునే పిలవవచ్చు. నియంత్రణ సంస్థ నిబంధనలు మాత్రం రెండు రంగాలకూ ఒకటే. 2017 అవుట్‌సోర్సింగ్ నిబంధనలు పెట్టుబడుల నిర్వహణ, క్లెయిములపై నిర్ణయం వంటి కీలక పనులను బయటికి ఇవ్వకూడదన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థల మొత్తం నిర్వహణ వ్యయం, కమిషన్లతో కలిపి, స్థూల ప్రీమియంలో 30 శాతం మించరాదు. ఆరోగ్య బీమా మాత్రమే చేసే సంస్థలకు ఈ హద్దు 35 శాతం. కొనుగోళ్లలో ఆదా చేసిన ప్రతి రూపాయీ ఈ హద్దు కింద ఊపిరి సలిపే చోటు ఇస్తుంది. కొనుగోలు విభాగం మీద ప్రైవేటు సంస్థల యాజమాన్యాలు ఇంత దృష్టి పెట్టడానికి ఒక కారణం ఇది.

రకాలు

ధర ముందే నిర్ణయమైన వస్తువుల జాబితా నుంచి శాఖలు ఆర్డర్ పెట్టుకునే ఈ-కేటలాగ్ పద్ధతి స్టేషనరీ, టోనర్ వంటి చిల్లర సరుకుకు సరిపోతుంది. ఈ-టెండర్ పెద్ద, ఒక్కసారి కొనే వాటికి వాడతారు. సాంకేతిక బిడ్, ధర బిడ్ వేర్వేరు ‘కవర్ల’లో ఉండే రెండు కవర్ల పద్ధతి ఇందులో మామూలు. రివర్స్ వేలంలో సరఫరాదారులు ఒకరి కంటే ఒకరు తగ్గించుకుంటూ పోతారు. జెమ్‌లో చిన్న మొత్తాలకు నేరుగా కొనడం, కొంత పెద్దవాటికి సరుకుల ధరలు పోల్చి తక్కువది తీసుకోవడం, ఇంకా పెద్దవాటికి బిడ్డింగ్ లేదా రివర్స్ వేలం అన్న మూడు మెట్లున్నాయి. ఆ మెట్ల పరిమితులు పలుమార్లు మారాయి. బీమా సంస్థలకు జెమ్‌తో రెండు వైపుల సంబంధం ఉంది. అవి అక్కడ సరుకు కొంటాయి, ప్రభుత్వ కార్యాలయాలకు గ్రూపు ఆరోగ్య బీమా వంటి సేవలు అమ్ముతాయి కూడా.

నాణ్యతకు మార్కులు వేసి, ధరతో కలిపి లెక్కగట్టే పద్ధతి సలహా సేవల్లో ముందునుంచీ ఉంది. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనలతో దాన్ని పనులకు, సలహాయేతర సేవలకు కూడా కొన్ని షరతులపై అనుమతించారు. వీటిలో నాణ్యతకు ఇచ్చే వాటా 30 శాతం దాటకూడదు.

ఒక కొనుగోలు నడిచే తీరు

ఒక డివిజనల్ కార్యాలయం తన శాఖల కోసం లేజర్ ప్రింటర్లు కొంటోందనుకుందాం. శాఖల నుంచి ఇండెంట్లు వస్తాయి. సాంకేతిక విభాగం స్పెసిఫికేషన్ రాస్తుంది. అంచనా ధర, బడ్జెట్ ఆమోదం అయ్యాక టెండరు పోర్టల్‌లో పెడతారు. బిడ్డర్ల సందేహాలకు ముందస్తు సమావేశంలో చెప్పిన జవాబులు కూడా అందరికీ కనిపించేలా అక్కడే ఉంచుతారు. బిడ్డర్ డిజిటల్ సంతకంతో రెండు కవర్లనూ అప్‌లోడ్ చేస్తే అవి రహస్య సంకేతంలో భద్రమవుతాయి. గడువు ముగిశాక అధీకృత అధికారులు తమ తాళపుచెవులతో, అంటే తమ డిజిటల్ సర్టిఫికెట్లతో, తెరిస్తే తప్ప లోపలేముందో ఎవరికీ తెలియదు. ఏ క్షణాన ఎవరు తెరిచారో వ్యవస్థ రాసుకుంటుంది. సాంకేతికంగా నెగ్గినవారి ధర కవర్లే తెరుస్తారు.

దీని తర్వాత రివర్స్ వేలం ఉంటే తెర మీద అప్పటి అతి తక్కువ ధర కనిపిస్తుంది, చెప్పినవారి పేరు కనిపించదు. అసలు ఆట ఆఖరి నిమిషాల్లోనే. ముగింపు దగ్గరపడ్డాక ఎవరైనా ధర తగ్గిస్తే గడువు దానంతటదే కొన్ని నిమిషాలు పెరుగుతుంది. ఎవరూ తగ్గించకుండా ఆ వ్యవధి గడిచేదాకా వేలం సాగుతుంది. ఆర్డర్ వెళ్లి, సరుకు వచ్చాక ఆర్డరు, సరుకు రసీదు, బిల్లు మూడూ సరిపోలితే చెల్లింపు జరుగుతుంది. జెమ్‌లో సరుకు అందుకున్న కార్యాలయం పది రోజుల్లో స్వీకరణ పత్రం ఇవ్వాలి, ఆ తర్వాత పది రోజుల్లో చెల్లించాలి.

ఇదే ఉదాహరణలో ధర ఎలా మోసం చేయగలదో చూడవచ్చు. (అంకెలు వివరణ కోసం ఊహించినవి.) ఒక ప్రింటర్ ధర 18,000 రూపాయలు, టోనర్ ఖర్చు పేజీకి 2 రూపాయలు. ఇంకోదాని ధర 24,000, టోనర్ ఖర్చు పేజీకి 80 పైసలు. శాఖలో నెలకు 2,000 పేజీల ముద్రణ ఉంటే మూడేళ్లకు 72,000 పేజీలు. మొదటి దానికి మొత్తం 1,62,000, రెండో దానికి 81,600. ప్రింటర్ ధర మీదే ఎల్-1ను ఎంచితే పోర్టల్ దోషం లేకుండా, ఆడిట్ అభ్యంతరం రాకుండా, సంస్థ దాదాపు రెట్టింపు ఖర్చు నెత్తిన వేసుకుంటుంది. పేజీ ఖర్చును కలిపి పోల్చాలని టెండరు పత్రంలో ముందే రాసుకుంటేనే ఇది తప్పుతుంది. కొనుగోలు పనితీరులో సగం స్పెసిఫికేషన్ రాసే బల్ల దగ్గరే తేలిపోతుందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

పనితీరుపై ప్రభావం

సమయం: పత్రికా ప్రకటన, పత్రాల అమ్మకం, డిమాండ్ డ్రాఫ్టులు, తపాలాలో బిడ్లు, పోలిక పట్టికల టైపింగు అన్నీ పోయి టెండరు దశ బాగా కుదించుకుపోతుంది. పత్రికల్లో పూర్తి టెండరు బదులు చిన్న ప్రకటన సరిపోతుంది కాబట్టి ఆ ఖర్చూ తగ్గుతుంది. అయితే పోర్టల్ కుదించగలిగేది మధ్య భాగాన్నే. స్పెసిఫికేషన్ తయారీ, కమిటీల ఆమోదం, సాంకేతిక మదింపు మనుషుల చేతుల్లోనే ఉంటాయి, ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. ఇండెంటు తేదీ నుంచి సరుకు చేరిన తేదీ వరకు కొలిచే సంస్థకు నిజం తెలుస్తుంది. టెండరు ప్రకటన నుంచి ఆర్డర్ వరకే కొలిస్తే మెరుగుదల ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

ధర: ఎక్కువమంది అమ్మకందారులు, స్పష్టంగా వర్ణించగల సరుకు ఉన్నచోట ఆన్‌లైన్ పోటీ ధర తగ్గిస్తుంది. కంప్యూటర్లు, ఏసీలు, కాగితం ఈ జాబితాలోవి. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పునరుద్ధరణలో, పాత కోర్ బీమా వ్యవస్థ నిర్వహణలో పోటీయే ఉండదు కాబట్టి పోర్టల్ చేయగలిగింది స్వల్పం. పీటర్ క్రాల్జిక్ 1983లో ప్రతిపాదించిన వర్గీకరణ ఇక్కడ ఉపకరిస్తుంది. సరుకు సంస్థకు ఎంత ముఖ్యం, సరఫరాలో ఎంత ముప్పుంది అన్న రెండు కొలతల మీద ఆయన కొనుగోళ్లను నాలుగు గదులుగా విడగొట్టాడు. ముప్పు తక్కువగా ఉన్న గదుల్లో రివర్స్ వేలం రాణిస్తుంది, ముప్పు ఎక్కువ ఉన్నచోట దీర్ఘకాల ఒప్పందం, సంప్రదింపులు అవసరమవుతాయి.

‘ఆదా’ అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. ఆదా అంటే అంచనా ధరకూ ఖరారైన ధరకూ తేడా. అంచనాను ఎక్కువగా వేసుకుంటే ఆదా దానంతటదే పెరుగుతుంది. కిందటి కొనుగోలు ధరతోనో, బయటి మార్కెట్ ధరతోనో పోల్చనిదే ఆ అంకెకు బలం లేదు.

పారదర్శకత: ఎవరు ఎప్పుడు బిడ్ వేశారు, ఎవరిని ఏ కారణంతో తిరస్కరించారు అన్నది చెరిపేయడానికి వీల్లేని విధంగా నిలిచి ఉంటుంది. ఆడిట్‌కూ, విజిలెన్స్ విచారణకూ, సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికీ ఇది ఆధారం. కాని కుమ్మక్కును పోర్టల్ తనంత తాను ఆపలేదు. బిడ్డర్లు బయటే మాట్లాడుకుని ధరలు పంచుకుంటే తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. బీమా సంస్థలే బిడ్డర్ల స్థానంలో ఉన్న ఒక కేసు ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. కేరళలో ఆరోగ్య బీమా పథకం టెండర్లలో కుమ్మక్కయ్యాయని 2015లో కాంపిటీషన్ కమిషన్ నాలుగు ప్రభుత్వ రంగ సాధారణ బీమా సంస్థలకు కలిపి 671 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2016లో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను బాగా తగ్గించింది. కుమ్మక్కు ఆనవాళ్లను పట్టడానికి పోర్టల్‌లో పోగైన బిడ్ల డేటాను విశ్లేషించడం మంచి మార్గం. ఒకే కంప్యూటర్ చిరునామా నుంచి వచ్చిన బిడ్లు, వంతులవారీగా గెలిచే సంస్థలు, పదేపదే వచ్చే ఒంటరి బిడ్లు అందులో బయటపడతాయి.

కొనుగోళ్ల కేంద్రీకరణ: ఎల్‌ఐసీకి దేశవ్యాప్తంగా రెండు వేలకు పైగా శాఖలున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సౌత్ సెంట్రల్ జోన్ అందులో ఒక భాగం. ఇంత విస్తృతమైన సంస్థలో అవసరాలన్నింటినీ ఒకచోట చేర్చి ధర ఒప్పందం కుదుర్చుకుంటే బేరమాడే బలం పెరుగుతుంది, ఒప్పందం వెలుపల కొనే అలవాటు తగ్గుతుంది. దీనికి మరో ముఖం ఉంది. ఒకప్పుడు జిల్లా కేంద్రాల్లోని చిన్న ప్రెస్సులు ఫారాలు, రిజిస్టర్లు అచ్చువేసి ఇచ్చేవి. ఆర్డర్ పెద్దదైతే టర్నోవర్ షరతు కూడా పెద్దదై అవి పోటీకే అర్హత కోల్పోతాయి. చిన్న పరిశ్రమల వాటా నిబంధన ఈ నష్టాన్ని కొంత పూడుస్తుంది, పూర్తిగా కాదు.

నాణ్యత: సేవల కొనుగోళ్లలో ఎల్-1 పద్ధతి బలహీనత ఎక్కువగా బయటపడుతుంది. కాల్ సెంటర్‌నో, హౌస్‌కీపింగ్‌నో అతి తక్కువ ధరకు దక్కించుకున్న కాంట్రాక్టరు ఆ ధరలో పని నడవక సిబ్బందిని తగ్గిస్తాడు, లేదా వేతనాల్లో కోత పెడతాడు. ఫోన్ చేసిన పాలసీదారుకు జవాబు దొరకదు. ఆ ఖర్చు కొనుగోలు విభాగం లెక్కలో ఎక్కడా కనిపించదు, ఫిర్యాదుల విభాగంలో తేలుతుంది. బీమా సంస్థ అమ్మేది మాట నిలబెట్టుకోవడమనే సేవను కాబట్టి ఈ రెండు విభాగాల లెక్కలనూ కలిపి చూడడం ఇక్కడ తప్పనిసరి.

క్లెయిముల వైపు కొనుగోళ్లు

2010లో నాలుగు ప్రభుత్వ రంగ సాధారణ బీమా సంస్థలు కలిసి కొన్ని మహానగరాల్లో ఆసుపత్రులతో చికిత్సల వారీ ప్యాకేజీ ధరలు మాట్లాడుకుని ఎంపిక చేసిన ఆసుపత్రుల జాబితాను ఏర్పరచాయి. ఇది ఉమ్మడి కొనుగోలుకు బీమా రంగంలోని ప్రధాన ఉదాహరణ. ధరల అదుపు సంస్థలకు లాభం, జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్లిన రోగికి నగదు రహిత సౌకర్యం దొరక్కపోవడం పాలసీదారుకు ఇబ్బంది. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ ప్రకటించింది ఈ ఇబ్బందిని తగ్గించడానికే. హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో నిర్వహించే రోహిణి రిజిస్ట్రీ ఆసుపత్రులకు గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది. క్లెయిము పత్రాలను ఒకే ఎలక్ట్రానిక్ రూపంలో ఇచ్చిపుచ్చుకోవడానికి జాతీయ ఆరోగ్య క్లెయిముల ఎక్స్ఛేంజ్ ఏర్పడింది. ఆసుపత్రి ఏ చికిత్సకు ఎంత వేస్తోందో పోల్చగల సమాచారం ఇలాంటి వ్యవస్థల వల్లే పోగవుతుంది.

మోటారు వైపు సర్వేయర్ల కేటాయింపును కంప్యూటరుకు అప్పగిస్తే అధికారి ఇష్టాయిష్టాలకు తావు తగ్గుతుంది. గ్యారేజీ అంచనాలోని విడిభాగాల ధరలను తయారీదారు ధరల పట్టికతో వ్యవస్థే సరిపోల్చగలదు.

సాల్వేజ్ ఈ-వేలం

కొనుగోలుకు ఎదురు దిశలో జరిగే వ్యవహారమిది. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే మోటారు పాలసీ ప్రకారం వాహనాన్ని పూర్తి నష్టం కింద లెక్కిస్తారు. దెబ్బతిన్న వాహనాన్ని అమ్మగా వచ్చిన మొత్తం సంస్థ నష్టాన్ని తగ్గిస్తుంది. పూర్వం సర్వేయర్‌కు తెలిసిన ఇద్దరు ముగ్గురు తుక్కు వ్యాపారులు కొటేషన్లు ఇచ్చేవారు. ఇప్పుడు ఫొటోలతో ఆన్‌లైన్ వేలం పెడితే ఇతర ఊళ్ల వ్యాపారులూ పాల్గొంటారు. రిజిస్ట్రేషన్ పత్రంతో సహా అమ్మినప్పుడు, పత్రం లేకుండా అమ్మినప్పుడు ధర వేరుగా ఉంటుంది. వాహనం యార్డులో నిలిచినకొద్దీ పార్కింగ్ ఖర్చు పెరిగి విలువ తరుగుతుంది కాబట్టి వేగమే ఇక్కడ డబ్బు. ఎలక్ట్రానిక్ పద్ధతి ప్రయోజనం రూపాయల్లో నేరుగా చూపగల చోట్లలో ఇది ఒకటి.

అడ్డంకులు

చివరి గంటలో పోర్టల్ మొరాయించడం, డిజిటల్ సర్టిఫికెట్ గడువు చూసుకోకపోవడం చిన్న సరఫరాదారుల నిత్య సమస్యలు. టెండరు పత్రాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. ఒకే ఆర్డర్‌ను జెమ్‌లో ఒకసారి, సంస్థ సొంత ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో మరోసారి నమోదు చేయవలసి రావడం పని పెంచుతుంది. ప్రభుత్వ రంగంలో అధికారుల బదిలీలతో కొనుగోలు నైపుణ్యం ఒకచోట నిలవదు.

సమాచార భద్రత బీమాకు ప్రత్యేకమైన చిక్కు. ముద్రణ సంస్థ చేతికీ, కాల్ సెంటర్ చేతికీ పాలసీదారుల ఆరోగ్య, ఆర్థిక వివరాలు వెళ్తాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద ఆ బాధ్యత ప్రధానంగా బీమా సంస్థదే. అదే ఏడాది నియంత్రణ సంస్థ ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు కూడా సరఫరాదారుల భద్రతను పరిశీలించాలన్నాయి. కాబట్టి ధర బిడ్ తెరవకముందే భద్రతా పరీక్షలో నెగ్గడం అర్హతగా ఉండాలి.

పరిశోధన

ఈ అంశంపై కెన్యా వంటి దేశాల విశ్వవిద్యాలయాల్లో గణనీయంగా పరిశోధనలు వచ్చాయి. రోనాల్డ్ కోస్ 1937లో ఆరంభించి ఆలివర్ విలియంసన్ విస్తరించిన లావాదేవీ వ్యయ సిద్ధాంతం వీటికి సాధారణ ఆధారం. సరఫరాదారును వెతకడం, బేరమాడడం, ఒప్పందాన్ని అమలు చేయించడం అన్న ఖర్చులు తగ్గితే కొనుగోలు మెరుగుపడుతుందని దాని ఆధారంగా ఈ అధ్యయనాలు వాదిస్తాయి. పద్ధతి వైపు ఒక లోపముంది. ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా కొనుగోలు విభాగం ఉద్యోగులకు ప్రశ్నావళి ఇచ్చి వారి అభిప్రాయాలనే పనితీరుగా లెక్కిస్తాయి. ఆర్డర్ తేదీలు, ధరలు, ఫిర్యాదుల రికార్డుల మీద, అమలుకు ముందూ తర్వాతా పోల్చి చేసే అధ్యయనాలే గట్టి సాక్ష్యం ఇవ్వగలవు.

పన్ను మార్పు, ధరల పోలిక

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా పాలసీలకు జీఎస్టీ మినహాయింపు వచ్చింది. మినహాయింపు పొందిన వ్యాపారానికి సంబంధించిన కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ దొరకదు. గ్రూపు పాలసీలపై పన్ను కొనసాగుతున్నందున రెండింటికీ వాడే కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్, అద్దెల వంటి ఖర్చుల్లో క్రెడిట్‌ను దామాషాలో వెనక్కి ఇవ్వాలి. ఆ మేరకు పన్ను సంస్థకు ఖర్చే అవుతుంది. అందువల్ల ఈ సంస్థల టెండర్లలో బిడ్లను పన్ను లేని ధర మీద కాక, క్రెడిట్ రాని పన్నును కలిపిన ధర మీద పోల్చాలి.